ఎండతో ఉప్పునీటిని మంచినీరుగా మార్చే పెట్టెకు ఏ బొగ్గు, ఏ పీచు మేలు? నెల్లూరు, ప్రకాశం తీరానికి ఒక పోలిక

నెల్లూరు జిల్లా ఇస్కపల్లిలోనో, ఒకప్పుడు ప్రకాశంలో ఉండి 2022లో బాపట్ల జిల్లాకు మారిన చినగంజాంలోనో ఉప్పుమడుల గట్టు మీద నిలబడితే, మంచినీటి కోసం మనం చేయదలచిన పని అక్కడ రోజూ జరుగుతూనే కనిపిస్తుంది. ఎండ ఉప్పునీటిని ఆవిరి చేస్తుంది. ఉప్పు రైతు ఉప్పును ఉంచుకొని ఆవిరిని గాలికి వదిలేస్తాడు. అదే గట్టు మీద పనిచేసే కూలీలు తాగడానికి ఊళ్ళో నుంచి డబ్బాలతో నీళ్ళు మోసుకుపోతారు. రొయ్యల చెరువుల కాపలా గుడిసెల్లోనూ, బోరు నీరు ఉప్పగా మారిన తీరపు వాడల్లోనూ ఇదే పరిస్థితి. గాలికి పోయే ఆ ఆవిరిని గాజు పలక మూతగా ఉన్న పెట్టెలో పట్టి చుక్కలుగా దించుకోవడమే సౌర స్వేదనం.

ఆ పెట్టెలో ఎండను పట్టి నీటిని వేడెక్కించే నల్లని పొరను చెట్టూ చేమా ఇచ్చే వస్తువులతోనే చేసుకోవచ్చని గత పదేళ్ళుగా ప్రపంచమంతటా ప్రయోగాలు జరుగుతున్నాయి. 2014లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు, నీటినంతటినీ వేడి చేయకుండా పైపొరను మాత్రమే వేడెక్కించే తేలియాడే నల్లని పదార్థాన్ని చూపించారు. 2017లో కాల్చిన పుట్టగొడుగులతోనూ, పైభాగం కాల్చిన చెక్క ముక్కలతోనూ అదే పని చేయవచ్చని చైనా, అమెరికా ప్రయోగశాలలు నిరూపించాయి. ఆ తరువాత వరి ఊక, కొబ్బరి పీచు, మొక్కజొన్న దంటు వంటివన్నీ పరీక్షకు వచ్చాయి. వాటిలో మన రెండు జిల్లాల్లో చేతికందేవి ఏవి, వాటిలో దేనిని ఎప్పుడు ఎంచుకోవాలి అనేదే ఇక్కడ చెప్పదలచిన విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి రోజు ఏది ఎక్కువ ఆవిరి ఇచ్చిందన్న లెక్కతో వస్తువును ఎంచుకోకూడదు. నెల రోజులు ఉప్పులో నానిన తరువాత ఏది కుళ్ళకుండా, తెల్లబడకుండా, వాసన రాకుండా నిలుస్తుందో దానిని ఎంచుకోవాలి.

పదార్థాల జోలికి పోయేముందు ఈ పెట్టె అసలు ఎవరికి అవసరమో తేల్చుకోవాలి. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి కావాలి, అంటే ఒక యూనిట్ కరెంటులో మూడింట రెండు వంతుల శక్తి. మన తీరంలో ఒక చదరపు మీటరు మీద రోజుకు సగటున 5 యూనిట్లకు అటూ ఇటూగా ఎండ శక్తి పడుతుంది. చిన్నమెత్తు శక్తి కూడా వృథా కాకపోయినా ఏడున్నర లీటర్లకు మించి రాదు. గాజు వెనక్కి తిప్పే వెలుగు, గోడల గుండా పోయే వేడి, అతుకుల సందుల్లో తప్పించుకునే ఆవిరి పోగా సాధారణ పెట్టె 2 నుంచి 4 లీటర్లు ఇస్తుంది. అదే చదరపు మీటరులో సోలార్ ప్యానెల్ పెడితే రోజుకు దాదాపు ఒక యూనిట్ కరెంటు వస్తుంది. సముద్రపు నీటిని శుద్ధి చేసే పెద్ద ఆర్వో ప్లాంట్లు వెయ్యి లీటర్లకు 3, 4 యూనిట్లతో సరిపెడతాయి. చిన్న యంత్రాలకు అంతకు రెండు మూడు రెట్లు ఖర్చయినా, ప్యానెల్ ఇచ్చే ఆ ఒక్క యూనిట్ నుంచి వంద లీటర్ల దాకా నీరు తీయవచ్చు. కాబట్టి ఊరంతటికీ నీరు ఇవ్వాలనుకొనే పంచాయతీ ఈ పెట్టెల వైపు చూడనవసరం లేదు. ఆర్వోనే మేలు, అందులో సందేహం లేదు.

అయితే ఆర్వోకు సముద్రపు నీటిని 55 నుంచి 70 బార్ల (మామూలు గాలి ఒత్తిడికి సుమారు అన్ని రెట్ల) ఒత్తిడితో తోసే పంపు కావాలి, పొరలు మార్చే మెకానిక్ కావాలి, చెడినప్పుడు విడిభాగాలు కావాలి. ఉప్పుమడి గట్టు మీద నలుగురు మనుషులకో, చెరువు కాపలా గుడిసెకో, తుఫానుకు నాలుగు రోజులు దారి తెగిపోయే వాడకో అవన్నీ సమకూరవు. అక్కడ గాజు, గుడ్డ, బొగ్గుతో నడిచే పెట్టె నిలబడుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీలకు స్వేదనజలం కావలసినవారికీ, బడి పిల్లలకు చేసి చూపాలనుకొనే సైన్సు ఉపాధ్యాయులకూ ఇది పనికొస్తుంది. తాగడానికి మాత్రమే లెక్క వేసుకుంటే, నలుగురున్న ఇంటికి రోజుకు 10, 12 లీటర్లు కావాలి. దానికి కనీసం నాలుగు చదరపు మీటర్ల గాజు కావాలి. వంటకూ స్నానానికీ ఈ నీరు చాలదు.

ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు. 1872లో చిలీ దేశపు ఎడారిలో లాస్ సాలినాస్ అనే చోట గనుల కోసం కట్టిన సౌర స్వేదన కేంద్రం 4,700 చదరపు మీటర్లకు అటూ ఇటూగా గాజు పరచి, రోజుకు 20 వేల లీటర్లకు పైగా నీరు ఇచ్చింది. అక్కడి చెక్క తొట్ల అడుగును నల్లగా చేయడానికి వాడినది ఒక చెట్టు మాను నుంచి తీసిన రంగూ, పటికా. మన దేశంలో భావ్‌నగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ 1978లో గుజరాత్‌లోని అవానియా గ్రామంలో రోజుకు 5,000 లీటర్ల సామర్థ్యంతో ఇలాంటి కేంద్రాన్ని కట్టింది. 1981లో ఢిల్లీ ఐఐటీకి చెందిన సోధా, తివారీ మొదలైనవారు నల్లగా చేసిన గోనె గుడ్డను వత్తిగా వాడి పెట్టెను రూపొందించారు. గోనె గుడ్డ అన్నమాట గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

వస్తువు ఏదైనా దాని నుంచి మనం కోరే పనులు కొన్ని ఉన్నాయి. నల్లగా ఉండి ఎండను మింగాలి. దీపపు వత్తి నూనెను లాగినట్టు నీటిని పైకి లాగాలి. పైన పుట్టిన వేడిని కింది నీటికి పోనీయకూడదు. నీరు ఆవిరై పోయాక మిగిలిన ఉప్పును రాత్రిపూట మళ్ళీ కింది నీటిలోకి దించేయాలి. ఉప్పునీటిలో, 60, 70 డిగ్రీల వేడిలో కుళ్ళకుండా ఉండాలి. చివరిది, నా అనుభవంలో అన్నిటికన్నా ముఖ్యమైనది: ఆవిరితోపాటు పైకి లేచే వాసనలనూ నూనెలనూ విడవకూడదు. ఉప్పు, ఫ్లోరైడు, నైట్రేటు ఆవిరిలో ఎగరవు, అవి కిందనే ఉండిపోతాయి. కానీ పొగ వాసన ఎగురుతుంది, ఆకుల నూనె ఎగురుతుంది. స్వేదనం వాటిని ఆపదు సరికదా, చిక్కగా చేసి గ్లాసులోకి దించుతుంది. అత్తరు తీసేవారు చేసే పని సరిగ్గా అదే.

ఈ గీటురాయి మీద మొదట నిలిచేది ఊకబొగ్గు.

నెల్లూరు వరిసీమ. ధాన్యం బరువులో ఇంచుమించు అయిదో వంతు ఊకే, కాబట్టి రైస్ మిల్లు ఉన్న ప్రతి ఊరి పొలిమేరలోనూ దానికి కొదవ లేదు. ఊకలో ఉండే సిలికా (ఇసుకలోని పదార్థమే) బొగ్గు అయిన తరువాత కూడా గింజకు ఒక ఎముకలాగా నిలిచి, అది నలిగి బురద కాకుండా కాపాడుతుంది. బొగ్గును సూక్ష్మజీవులు సులువుగా తినలేవు, అందుచేత అది ఉప్పునీటిలో నెలల తరబడి మార్పు లేకుండా ఉంటుంది. గింజకూ గింజకూ మధ్య సందుల్లో నీరు పైకి పాకుతుంది. కాల్చని ఊకకు ఈ గుణాలు లేవు. దాని పైపొర నునుపుగా ఉండి నీటిని సరిగా పట్టదు, పైగా రంగు లేతగా ఉండి వెలుగును వెనక్కి పంపుతుంది.

ఇక్కడ ఒక పొరపాటు అందరూ చేస్తారు. మిల్లు బాయిలరు నుంచి వచ్చే బూడిద గుట్ట నుంచి గంపెడు తెచ్చి పోస్తారు. అందులో బొగ్గు కాలిపోయి మిగిలినది బూడిదరంగు సిలికా. అది ఎండను మింగదు. మనకు కావలసినది నల్లనిది. గుట్టలో గాలి తగలక నల్లగా మిగిలిన భాగాన్ని ఏరుకోవాలి, లేదా ఇంట్లోనే తయారు చేసుకోవాలి. మూత బిగుతుగా పట్టే పాత నూనె డబ్బాకు మూతలో మేకంత చిల్లి పెట్టి, ఊక నింపి, పిడకల సెగ మీద పెడితే మొదట తెల్లని ఆవిరి, తరువాత పసుపుపచ్చని ఘాటైన పొగ వస్తాయి. ఆ పొగ పూర్తిగా ఆగేదాకా సెగ ఆపకూడదు. ఆగిన తరువాత కూడా మరికొంతసేపు ఉంచి, డబ్బా చల్లారిన తరువాతే మూత తీయాలి. వేడిగా ఉండగా తీస్తే గాలి తగిలి బొగ్గు అంటుకొని బూడిద అవుతుంది. నేను మొదటిసారి తొందరపడి పొగ ఆగకముందే డబ్బా దించాను. ఆ బొగ్గు వేసిన పెట్టె నుంచి వచ్చిన నీరు చూడడానికి అద్దంలా ఉంది, నోట పెడితే కాలిన చుట్ట వాసన. వారం రోజుల నీరు మొక్కలకు పోయవలసి వచ్చింది. తయారైన బొగ్గును మంచినీటిలో మూడు నాలుగు సార్లు, పైకి వచ్చే నీరు తేటపడేదాకా కడగాలి. దానిలోని క్షారం పోవడానికి ఇది అవసరం.

ఊకబొగ్గుకున్న లోపం అది పోగు మాత్రమే కావడం, దానికదే ఒక పలకగా నిలవదు. గంజితో అతికించే పద్ధతి కొందరు చెబుతారు కానీ నేను ఒప్పుకోను. గంజి ఉప్పునీటిలో నాలుగు రోజుల్లో పులిసి కంపు కొడుతుంది. రెండు గోనె గుడ్డల మధ్య వేలెడు కన్నా పలుచగా బొగ్గు పరచి, బొంత కుట్టినట్టు గళ్ళుగళ్ళుగా కుట్టేయడమే మంచిది. పైగుడ్డ వదులు నేతదై ఉండాలి, దాని మీద కూడా కొంత బొగ్గుపొడి రుద్దాలి, లేకపోతే ఎండ గుడ్డ రంగునే చూస్తుంది కానీ బొగ్గును చూడదు.

మిల్లులు లేని మెట్ట ప్రాంతాల్లో, ముఖ్యంగా ప్రకాశం పడమటి భాగంలో, ఊకబొగ్గు స్థానంలో సర్కారు తుమ్మ బొగ్గు వాడుకోవచ్చు. ఆ కంప రెండు జిల్లాల్లోనూ బంజరులన్నిటినీ ఆక్రమించింది. బట్టీల్లో దాన్ని కాల్చి బొగ్గు అమ్మడం అనేక కుటుంబాలకు జీవనాధారం. బట్టీలో రోజుల తరబడి కాలిన బొగ్గు కాబట్టి పొగవాసన భయం చాలావరకు తక్కువ. రోట్లో వేసి గోధుమ రవ్వంత పరిమాణానికి దంచి, మెత్తని పొడిని జల్లెడ పట్టి తీసేయాలి. మెత్తని పొడి గుడ్డ సందుల్లోంచి జారి నీటిని మసి చేస్తుంది. ఊకబొగ్గుతో పోలిస్తే బరువెక్కువ, కాబట్టి నీటిపై తేలే అమరికకు పనికిరాదు. ఏటవాలు గుడ్డ మీద పరిచే అమరికకు మాత్రం చక్కగా సరిపోతుంది.

ఇక కొబ్బరి. దీనిని రెండు వేరువేరు వస్తువులుగా చూడాలి. పీచు ఒకటి, పీచు తీసేటప్పుడు రాలే పొట్టు మరొకటి. పీచులో లిగ్నిన్ అనే గట్టి పదార్థం 40 శాతానికి అటూ ఇటూగా ఉంటుంది, అందుకే కొబ్బరి డొక్కలను నెలల తరబడి ఉప్పుకయ్యల్లో నానబెట్టినా పీచు చెక్కు చెదరదు. పడవల మోకులకు పూర్వం నుంచీ కొబ్బరి తాడే వాడడానికి ఇదే కారణం. ఉప్పునీటిలో నిలకడ అనే ఒక్క గుణంలో కొబ్బరి పీచును మించిన నార మనకు లేదు. దాని అల్లికలో ఖాళీలు పెద్దవి కాబట్టి పైన చిక్కబడిన ఉప్పు రాత్రికి సులువుగా కిందికి దిగిపోతుంది. కానీ ఆ పెద్ద ఖాళీల వల్లనే అది వత్తిగా బలహీనం. నీటిని రెండు మూడు అంగుళాలకు మించి పైకి లాగలేదు. పొట్టు దీనికి సరిగ్గా తలకిందులు. తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పీల్చి పట్టుకుంటుంది, వత్తిగా అద్భుతం, కానీ పట్టిన ఉప్పును కూడా అంతే గట్టిగా పట్టుకుంటుంది. కొత్త పొట్టు నుంచి వారాల తరబడి ఎర్రని చేదు రసం దిగుతుంది. ఆ రసం ఆవిరిలో ఎగరదు కాబట్టి తాగే నీటికి ప్రమాదం లేదు గానీ, తొట్టి అడుగున జిగురుగా పేరుకుంటుంది.

అందుచేత కొబ్బరి పీచు చాపను పై పొరగా కాక, కింది ఆధారంగా వాడమని నా సలహా. డోర్‌మ్యాట్ అంత మందపు పీచు చాప మీద బొగ్గు బొంత పరిస్తే, చాప బొంతను నీటి పై అంచున నిలబెడుతుంది, వేడిని కిందికి పోనీయదు, ఉప్పుకు దారి ఇస్తుంది. బొంత అంచులను చాప పక్కల నుంచి కిందికి వేలాడదీస్తే అవే వత్తులుగా నీటిని అందిస్తాయి.

గోనె, నూలు గుడ్డల మధ్య ఎంపిక చాలామందిని తికమక పెడుతుంది. నూలు నీటిని వేగంగా, ఎత్తుకు లాగుతుంది. పాత పంచె మడత కన్నా మంచి వత్తి దొరకదు. కానీ అది దాదాపు పూర్తిగా సెల్యులోజ్ (సూక్ష్మజీవులు సులువుగా తినే నార పదార్థం) కావడంతో వేడి, తడి కలిసినచోట త్వరగా బూజు పట్టి చివికిపోతుంది. గోనె కొంచెం మందకొడిగా లాగినా, నూలు కన్నా మోటుగా ఉండి ఉప్పు పేరుకున్నా సందులు పూడిపోవు. వరి గోతాలు రెండు జిల్లాల్లోనూ ఏ ఇంట్లోనైనా ఉంటాయి. అయితే ఎరువులో, పురుగుమందులో తగిలిన గోతాన్ని ఎంత ఉతికినా వాడవద్దు. కొత్త గోనెను కూడా, మిల్లులో నారకు పట్టించే నూనె వాసన పోవడానికి, బూడిద నీటిలో ఉడకబెట్టి ఉతకాలి. రెండిటిలో ఒకటి చెప్పమంటే గోనె అంటాను. బొంతకు గోనె, కింది నుంచి నీరు లాగే పక్క వత్తులకు మాత్రం నూలు వాడి, ఆ వత్తులను రెండు నెలలకోసారి మార్చుకుంటే ఖర్చు లేకుండా పని జరుగుతుంది.

చెక్క గురించి విదేశీ పరిశోధనల్లో ఎంతో గొప్పగా చదువుతాం. చెట్టులో నీరు పైకి పాకే నాళాలను అలాగే వాడుకొనే పద్ధతి నిజంగా అందమైనది. దుంగను నిలువుగా కాక అడ్డంగా బిళ్ళలుగా కోసి, ఒక ముఖాన్ని ఎర్రగా కాలిన పెనం మీద అదిమి నల్లబరిస్తే, కింది ముఖం నీటిని తాగుతుంది, పై ముఖం ఎండను తాగుతుంది. చెక్క వేడిని అంతగా ప్రసరింపజేయదు. కానీ ఆ ప్రయోగాలు చాలావరకు బాల్సా వంటి తేలిక చెక్కలతో జరిగాయి. మన తీరంలో దండిగా దొరికే సరుగుడు అందుకు పూర్తిగా వ్యతిరేకం. అది గట్టిది, బరువైనది, నాళాల్లో ఖాళీ తక్కువ. తడిసి బరువెక్కితే మునిగిపోయే ముక్క కూడా ఉంటుంది. సరుగుడు తోట పక్కనే ఉందని దానిని ఎంచుకొన్నవారు నిరాశ పడక తప్పదు. చెక్కే కావాలనుకుంటే బూరుగు, మునగ వంటి మెత్తని మాను చూడాలి. మునగ మరీ మెత్తన, ఒక వేసవి కన్నా నిలవదు. బూరుగు బిళ్ళ రెండంగుళాల మందంతో కోస్తే చిన్న పెట్టెకు, బడిలో ప్రదర్శనకు బాగుంటుంది. నాలుగు చదరపు మీటర్లు బిళ్ళలతో పరచడం మాత్రం ఎవరికీ చెప్పను. కోత పని, పగుళ్ళు, బిళ్ళల మధ్య సందులు కలిసి వచ్చే లాభాన్ని తినేస్తాయి.

నేతిబీర పీచు గురించి కూడా అడుగుతుంటారు. ఎండిన కాయ లోపలి జాలీ తేలికగా తేలుతుంది, నీటిని బాగా పడుతుంది, పెరట్లో పండుతుంది. కాల్చితే పొడి పొడి అవుతుంది, కాల్చకపోతే లేత రంగు. నల్లని గుడ్డ కింద తేలిక ఆధారంగా ఒకటి రెండు నెలలు పనికొస్తుంది. పిల్లల చేత చేయించే నమూనాకు ఇంతకన్నా మంచిది లేదు. జీలుగు బెండు, జొన్న బెండు కూడా ఇదే కోవలోకి వస్తాయి. తాటి పీచు గట్టిగా నిలుస్తుంది కానీ నీటిని లాగదు. కొబ్బరి చాప దొరకనిచోట దానికి బదులు అల్లుకోవచ్చు.

వాడకూడని వాటి గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. ప్రకాశం జిల్లాలో పొగాకు తీసిన తరువాత మోళ్ళు, కాడలు గుట్టలుగా ఉంటాయి, వాటిని పొయ్యిలోకి వాడుతారు. వాటిని కాల్చి ఈ పెట్టెలో వేద్దామన్న ఆలోచన సహజంగానే వస్తుంది. వద్దు. నికోటిన్ నీటి ఆవిరితో కలిసి పైకి లేచే పదార్థం; కాడ సరిగా బొగ్గు కాని చోట మిగిలిన కొంచెం కూడా నేరుగా తాగే నీటిలోకి వస్తుంది. జామాయిల్ కలపకూ, ఆకుకూ నూనె వల్ల ఇదే అభ్యంతరం. వేప కూడా అంతే, చేదు నీటిలోకి రాకపోయినా వాసన వస్తుంది. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు, తారు పూసిన గోనె దగ్గరికి కూడా రానీయకండి.

ఇక ఉప్పు పేరుకోవడం గురించి. ఎంపికలో సగం గెలుపోటములు ఇక్కడే తేలతాయి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. తొట్టిలో 10 లీటర్లు పోసి 3 లీటర్లు ఆవిరిగా తీస్తే మిగిలిన 7 లీటర్లలో లీటరుకు 50 గ్రాములు అవుతాయి. ఆ నీటిని మార్చకుండా మరునాడు, ఆ మరునాడు పైపైన కలుపుతూ పోతే చిక్కదనం మూడు, నాలుగు రెట్లు దాటేసరికి మొదట సున్నపు పొర, తరువాత జిప్సం పొర పడుతుంది. ఉప్పు ఇంకా చాలా తరువాత. ఉప్పు పండించేవారికి ఇది చెప్పనక్కర లేదు, నీరు చిక్కబరిచే మడుల అడుగున ఆ పెంకును వారు చూస్తూనే ఉంటారు. ఉప్పు పేరుకుంటే నీళ్ళు పోస్తే కరుగుతుంది. జిప్సం అంత సులువుగా కరగదు, నల్లని బొంత మీద తెల్లని పెంకులా కూర్చుని ఎండను తిప్పికొడుతుంది. అప్పుడు బొంత విప్పి కొత్త బొగ్గు వేయడం తప్ప మార్గం లేదు. సున్నపు పొర ఒక్కటే అయితే నిమ్మరసానికి కరుగుతుంది. కనుక రోజూ పొద్దుగూకే వేళ, వచ్చిన మంచినీటికి రెండు మూడింతల సముద్రపు నీటిని బొంత మీదుగా పారించి పాత నీటిని బయటికి పంపాలి. ఆ బయటి నీటిని ఉప్పుకయ్యలోకో, సముద్రపు కాలువలోకో వదలాలి కానీ చేలవైపు, మంచినీటి బావివైపు పోనీయకూడదు.

గాజుపెట్టెకు సంబంధించి రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను, ఎందుకంటే అసలు ఖర్చు అక్కడే ఉంది. బొగ్గు, పీచు, గుడ్డ అన్నీ కలిపినా దానిలో చిన్న భాగమే. 4 మిల్లీమీటర్ల కిటికీ గాజు దక్షిణానికి వాలుగా, మన అక్షాంశానికి సరిపడా 15 డిగ్రీల ఏటవాలుతో పెట్టాలి. నెల్లూరు 14 డిగ్రీల పైన, ఒంగోలు 15 డిగ్రీల పైన ఉన్నాయి కాబట్టి రెండు చోట్లా ఇదే సరిపోతుంది. అంతకన్నా చదునుగా ఉంటే చుక్కలు అంచుకు జారకుండా మళ్ళీ ఉప్పునీటిలోనే పడతాయి. ప్లాస్టిక్ కాగితం చవకే కానీ దాని మీద నీరు పొరగా పరుచుకోక గుండ్రని బొట్లుగా నిలిచి కింద పడుతుంది, ఒక గాలిదుమారానికి చిరుగుతుంది. ప్రయోగశాలల్లో ఒక పదార్థం చదరపు మీటరుకు గంటకు 1 నుంచి 1.3 కిలోల ఆవిరి ఇచ్చిందని చదివినప్పుడు, అది మూత లేకుండా కొలిచిన లెక్క అని గుర్తుంచుకోవాలి. పూర్తి ఎండలో సిద్ధాంతం ప్రకారం వచ్చేదే గంటకు ఒకటిన్నర కిలో. మూత పెట్టగానే గాజు వేడెక్కి, లోపలి గాలి ఆవిరితో నిండి, ఆ తేడా చాలావరకు చెరిగిపోతుంది. రెండు మంచి పదార్థాల మధ్య ఉన్న పదో వంతు తేడా కన్నా, గాజు అంచున వదిలేసిన ఒక సందు ఎక్కువ నీటిని పోగొడుతుంది.

మరి ఎవరు ఏది ఎంచుకోవాలి? తీరంలోని ఇంటికీ, రొయ్యల చెరువు గుడిసెకూ గోనెలో కుట్టిన ఊకబొగ్గు బొంత, దాని కింద కొబ్బరి పీచు చాప. ఉప్పుమడుల దగ్గర ఎప్పుడూ సముద్రపు కాలువ నీటినే వాడాలి, చిక్కబడిన మడి నీటిని కాదు. అక్కడ ఉప్పు తాకిడి ఎక్కువ కాబట్టి చాప మందం పెంచి, బొంత పలుచగా కుట్టుకోవాలి. కనిగిరి వైపు ఫ్లోరైడు నీటికి పరిస్థితి వేరు. ఆ నీటిలో లవణాలు సముద్రపు నీటితో పోలిస్తే చాలా తక్కువ, పేరుకొనే బెడద స్వల్పం. కాబట్టి చాప, తేలడం వంటి హంగులు లేకుండా ఏటవాలు పలక మీద గోనె పరచి, తుమ్మబొగ్గు రుద్ది, పై నుంచి చుక్కచుక్కగా నీరు వదిలే పద్ధతి చాలు. ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని మన ప్రమాణం; స్వేదనంలో అది దాదాపు మొత్తం వెనకే ఉండిపోతుంది. ఒకటి రెండు లీటర్ల బ్యాటరీ నీరు చాలనుకొనేవారు బొగ్గు కూడా లేకుండా నల్లని నూలు గుడ్డతో మొదలుపెట్టవచ్చు.

కొత్త బొంత వేసిన తరువాత మొదటి వారం నీరు తాగవద్దు. ఆ తరువాత వాసన చూడండి, నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరుతో కొలవండి. ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు అయినా స్వేదనజలం 50 లోపే ఉండాలి. వందల్లో చూపిస్తే బొగ్గు తప్పు కాదు, ఎక్కడో ఉప్పునీరు చింది మంచినీటి కాలువలో పడుతోందని అర్థం. రుచి చప్పగా అనిపిస్తే కుండలో పోసి ఒక రాత్రి ఉంచండి. నీరు దిగే గొట్టానికీ, పట్టే పాత్రకూ మూత ఉండాలి, ఎందుకంటే క్లోరిన్ లేని ఈ నీటిలో బయటి నుంచి పడిన సూక్ష్మజీవులను ఆపేది ఏదీ లేదు.

సంక్రాంతి వెళ్ళాక పెట్టెను శుభ్రం చేసి కొత్త బొంత వేస్తే రోహిణి కార్తె ఎండల నాటికి అది కుదురుకుంటుంది. నెల్లూరు జిల్లాకు వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో. ఆ నెలల్లో ఎండ తక్కువ, పెట్టె నుంచి వచ్చేదీ తక్కువే. అప్పటికి బొంతను తీసి మంచినీటిలో కడిగి ఎండబెట్టి దాచాలి. గాజును మాత్రం దించవద్దు. దాని కింది అంచు బయటివైపు కూడా ఒక కాలువ అమర్చుకుంటే, 60 సెంటీమీటర్ల వాన పడిన కాలంలో నాలుగు చదరపు మీటర్ల ఏటవాలు గాజు మీద నుంచి ఇంచుమించు 2,300 లీటర్ల వాననీరు దిగుతుంది. పెట్టె లోపలి నుంచి రోజుకు 12 లీటర్లు వస్తాయనుకుంటే అది ఆరు నెలల నీటికి సమానం.